షెడ్డు దర్వాజ ఇరుకైంది

షెడ్డు దర్వాజ ఇరుకైందని ఫూల్‌సింగ్ తీర్పు చెప్పాడు. చెప్పి జీపు దిగి, ఎడమవైపు మడ్‌గార్డు మీద పడ్డ కొత్త గీతను భుజం మీది తువ్వాలతో తుడిచాడు. తుడిస్తే పోయే గీత కాదది. ఇటుక స్తంభం నుంచి రాలిన ఎర్రపొడి మాత్రం తువ్వాలకు అంటుకుంది.

వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతున్న మంగ్లీ చాట ఆపలేదు, తల ఎత్తలేదు. ఆ షెడ్డు కట్టి పదేళ్లు దాటింది. ఆ జీపు కొన్నదీ అప్పుడే. గోడలేమీ లోపలికి జరగలేదు. జీపేమైనా నానబెట్టిన శనగగింజా, ఉబ్బడానికి? ఇన్నేళ్లూ కళ్లు మూసుకుని వెనక్కి తోసినా సరిగ్గా లోపలికి పోయిన బండి, ఈ ఎండాకాలం వచ్చాక వారానికోసారి స్తంభాన్ని రాసుకుంటూనే ఉంది. ఈ మాటలన్నీ మంగ్లీ నాలుక చివరిదాకా వచ్చాయి. చాటలో ఉన్న మట్టిగడ్డను ఏరి దూరంగా విసిరేసి, వాటిని మింగేసింది.

అది తొంభై మూడో సంవత్సరం. మిర్యాలగూడ ఊరి చివర, హుజూర్‌నగర్ పోయే రోడ్డు పక్కన వాళ్ల ఇల్లు. ఫూల్‌సింగ్‌ది గరిడేపల్లి అవతలి లంబాడీ తండా. చిన్నప్పుడు లారీ మీద క్లీనర్‌గా ఎక్కి, తర్వాత స్టీరింగ్ పట్టి, చివరికి సొంత జీపు కొనుక్కున్నాడు. మిర్యాలగూడ నుంచి గరిడేపల్లి మీదుగా కోదాడ దాకా అతని జీపు తిరుగుతుంది. అంగడి రోజున తండా ఆడవాళ్లు కోళ్ల గంపలతో, చంకన పిల్లలతో అతని బండే ఎక్కుతారు. లోపల పట్టినంతమంది లోపల, వెనక మెట్టు మీద వేలాడేవాళ్లు వేలాడుతూ. ఒక్కగానొక్క బిడ్డ సీతాబాయిని కోదాడలో ఇచ్చారు. అక్కడే బడిలో పంతులమ్మగా చేస్తోంది. ఇంట్లో ఇక మిగిలింది ఇద్దరే, ఈయన, ఆమె.

ఇద్దరే ఉన్న ఇంట్లో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉంటుందా? ఫూల్‌సింగ్ చెంబుతో నీళ్లు వంచితే సగం గ్లాసు పక్కన పడుతున్నాయి. కూరలో కరివేపాకు ఏరి పక్కన పెట్టే మనిషి, ఇప్పుడు ఆకుతో సహా నమిలేస్తున్నాడు. వాకిట్లోకి మనిషి వస్తే వెంటనే పలకరించడు. వాళ్లు గొంతు విప్పేదాకా ఆగి, అప్పుడు పేరు పెట్టి పిలుస్తాడు. పొద్దు వాలకముందే ట్రిప్పులు ముగించి ఇల్లు చేరుతున్నాడు. హెడ్‌లైట్లకు బల్బులు మార్చాడు. మార్చినా వెలుగు రాలేదని బ్యాటరీని తిట్టాడు. మంగ్లీ ఇవన్నీ చూసింది. అతని కళ్లకు పొర కమ్ముతోందని సంక్రాంతి నుంచే ఆమెకు తెలుసు.

ఒకరోజు అన్నం పెడుతూ, సూర్యాపేటలో కళ్ల దవాఖాన మంచిగా ఉందట అని ఊరికే అన్నట్టు అంది. అంతే, ఫూల్‌సింగ్ ముద్ద కంచంలో వదిలేసి చేయి కడుక్కున్నాడు. మళ్లీ ఆ మాట ఆమె ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో తండాలో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫూల్‌సింగ్ తండ్రి లింగ్యాకు నడివయసులోనే చూపు పోయింది. కర్ర ఒక కొస తండ్రి పట్టుకుంటే, రెండో కొస పట్టుకుని ముందు నడిచినవాడు ఈ ఫూల్‌సింగే. ఆడుకునే వయసంతా అట్లాగే గడిచింది. ఊళ్లో ఎవరూ వాణ్ని పేరు పెట్టి పిలవలేదు. గుడ్డి లింగ్యా కొడుకు అనేవారు. స్టీరింగ్ పట్టిన రోజు నుంచి ఆ పేరు పోయింది. డ్రైవర్ ఫూల్‌సింగ్ అయ్యాడు. ఆ కొత్త పేరును తన నోటితో తుడిచెయ్యడం మంగ్లీకి చేతకాలేదు. అట్లని నోరు మూసుకుని కూర్చుంటే జీపులో ఎక్కేదెవరు? తన వాళ్లే. జీపు బయలుదేరిందంటే ఆమె ప్రాణం గుప్పిట్లోకి వచ్చేది. మళ్లీ మలుపులో దాని చప్పుడు వినబడేదాకా పొయ్యి మీద ఏం పెట్టిందో కూడా గుర్తుండేది కాదు.

షెడ్డు దర్వాజ ఇరుకైందని అన్న వారంలోనే ఫూల్‌సింగ్ కోదాడ పోయి ఒక వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ రోజుల్లో ఎవరింట్లో చూసినా వాస్తు గోలే. అన్నం అరగకపోతే వంటిల్లు మార్చేవారు, ఆవు పాలివ్వకపోతే పాక మార్చేవారు. సిద్ధాంతి చేతిలో దిక్సూచి పట్టుకుని షెడ్డు చుట్టూ తిరిగాడు. తలపాగా సర్దుకున్నాడు. పెదవి విరిచాడు.

"ఇదేంటండీ ఇలా కట్టారు? నైరుతి మూల ద్వారం పెట్టి బండిని లోపలికి తోలితే, స్తంభం రాసుకోక ఏం చేస్తుందండీ? ఇది బండి తప్పు కాదు, మనిషి తప్పు అంతకన్నా కాదు. మూల తప్పు."

ఆ మాటతో ఫూల్‌సింగ్ మొహం విప్పారింది. మనిషి తప్పు కాదు అన్న ముక్కను సిద్ధాంతితో మళ్లీ చెప్పించుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని మంగ్లీ అనుకుంది గాని, ఆ మొహంలో వెలుగు చూసి ఆమెకే జాలేసింది. నిజంగా మూల తప్పే అయితే ఎంత బాగుండును.

సిద్ధాంతికి మజ్జిగ ఇవ్వడానికి ఇంటి వెనక్కి పిలిచినప్పుడు ఆమెకు ఒక ఉపాయం తట్టింది. గ్లాసు చేతికిచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"అయ్యగారూ, జర ఒక్క మాట. దర్వాజ మారేదాకా బండి కదిలియ్యొద్దని చెప్పుండ్రి. మీరు చెప్తే ఇంటడు. నేను చెప్పినట్టు తెల్వొద్దు."

సిద్ధాంతి మజ్జిగ తాగడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు. మీసాల్లో నవ్వినట్టు అనిపించింది. అలాగే తల్లీ అని మాత్రం అన్నాడు. ముందుకొచ్చి, శాస్త్రం చదివినట్టు గంభీరంగా చెప్పాడు. కొత్త ద్వారానికి ముగ్గు పోసేదాకా బండి చక్రం కదలకూడదు. ఇప్పుడు మూఢం కాబట్టి ముగ్గు పోయడానికి వీల్లేదు. మూఢం వెళ్లాక మంచిరోజు చూసి కబురు చేస్తాను.

ఫూల్‌సింగ్ కస్సుమంటాడని మంగ్లీ భయపడింది. అతను మాత్రం అయ్యగారు చెప్పినంక ఇంకేముంది అని, జీపును వేపచెట్టు కింద నిలబెట్టి టార్పాలిన్ పట్టా కప్పేశాడు. తాళంచెవి తెచ్చి మేకుకు తగిలించాడు. మంగ్లీకి ఆ మధ్యాహ్నం కంటినిండా నిద్రపట్టింది.

అక్కడి నుంచి షెడ్డు మరమ్మతు ఆలోచనలు మొదలయ్యాయి. యాదయ్య మేస్త్రీ రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. బీడీ వెలిగించి, పుల్లతో నేల మీద గీతలు గీసేవాడు. మొదట అనుకున్నది దర్వాజను తూర్పుకు తిప్పడం ఒక్కటే. మరునాటికి రేకులు తీసేసి స్లాబు వేద్దామన్నది వచ్చింది. అది మంగ్లీ మాట. పని ఎంత పెరిగితే ముగ్గు పోయడం అంత ఆలస్యమవుతుందని, అన్ని రోజులు జీపు కదలదని ఆమె లెక్క. స్లాబయితే పైన మిరపకాయలు ఆరబోసుకోవచ్చంది. తూర్పు వైపు ఒక గది కలిపితే పిడకలు తడవవంది. కింద గచ్చు పోయాలంది. బండి కింద దూరి రిపేరు చేసుకోవడానికి గుంత ఉంటే బాగుండదా అని కూడా అంది. ఆ ముక్క ఎక్కడ విన్నదో ఆమెకే తెలియదు.

యాదయ్య బీడీ దులిపాడు. "వదినే, ఇది జీపు షెడ్డా, జీపుకు కట్టే బంగ్లానా? ఇంక నయం, మంచం గిట్ల ఎయ్యమంటలేవు."

మంగ్లీకి వింతగా తోచిందేమంటే, ఫూల్‌సింగ్ దేనికీ అడ్డు చెప్పలేదు. గోడకు మేకు కొట్టాలన్నా అవసరమా అని అడిగే మనిషి, ఆమె అన్న ప్రతిదానికీ తలూపాడు. పైగా గుంత మాట ఎత్తగానే, గుంతకు చుట్టూ రాయి పెట్టాలె, అది మెల్లగనే కావాలె, తొందర పనులు నాకొద్దు అన్నాడు. మనిషి ఇంత మెత్తబడ్డాడేమిటని ఆమె అనుకుంది. పెద్దతనం వచ్చింది కాబోలు అని సరిపెట్టుకుంది.

తండావాళ్లు మాత్రం గునిశారు. అంగడికి పోవడానికి బస్సు కోసం రోడ్డు మీద ఎండలో నిలబడాల్సి వస్తోంది. దారిన పోతూ ఒకామె, మీ జీపుకు బాలింత పథ్యమా, ఇంకెన్నాళ్లు పడుకోబెడతారు అని అడిగింది. మంగ్లీ నవ్వేసి ఊరుకుంది. ఎవరేమన్నా ఆ నెలంతా ఆమెకు పండగలాగే గడిచింది.

మూఢం వెళ్లిపోయింది. సిద్ధాంతి కబురు పెట్టాడు, ఫలానా శుక్రవారం పొద్దున ముగ్గు పోసుకోవచ్చని. ఆ కబురు వచ్చిన రోజే ఫూల్‌సింగ్ చెల్లెలు రంగి తండా నుంచి వచ్చింది. ఆమె చిన్నకొడుకు పెళ్లి కుదిరింది. శనివారం పొద్దున్నే కోదాడ దగ్గర తండాకు పెళ్లివారిని తీసుకుపోవాలి. జీపు ఇక కదలొచ్చు కదా భియా, నువ్వే తోలాలె అంది. భియా అంటే వాళ్ల మాటలో అన్న.

మంగ్లీ చేతిలోని పళ్లెం గోడకు కొట్టుకుంది. వస్త, నేను కాకపోతే ఎవరొస్తరు అన్నాడు ఫూల్‌సింగ్. రంగి చాయ్ తాగి వెళ్లిపోయింది.

ఇంక మంగ్లీకి అన్నం సయించలేదు. పెళ్లి జీపు అంటే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. లోపల ఆడవాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు, మెట్టు మీద మగపిల్లలు, బానెట్ మీద కూడా ఒకరిద్దరు, పాటలు, కేకలు. దారిలో సాగర్ కాలువ మీద సన్నటి వంతెన. ఎదురుగా వడ్ల లారీలు. చెప్పెయ్యాలని ఎన్నిసార్లు నోరు తెరిచిందో. తెరిచినప్పుడల్లా గుడ్డి లింగ్యా కర్ర ఆమె కళ్ల ముందు కనబడింది. చివరికి ఒకటి నిశ్చయించుకుంది. శనివారం పొద్దున తాళంచెవి బావిలో పారేస్తుంది. తర్వాత కొడితే కొట్టనీ.

శుక్రవారం పొద్దున యాదయ్య ముగ్గుపిండి గంపతో వచ్చాడు. ఆ ప్రాంతంలో ఇల్లు కట్టినా, కొట్టం కట్టినా, పునాది తవ్వే ముందు మేస్త్రీ నేల మీద తెల్లటి పిండితో గోడలన్నీ అసలు కొలతలకే గీస్తాడు. కాగితం మీద ప్లాను ఎవరికి అర్థమవుతుంది? ముగ్గు పోశాక ఇంటివాళ్లంతా అందులోకి దిగి అటూ ఇటూ నడుస్తారు. ఇక్కడ దర్వాజ, ఇక్కడ కిటికీ అని చేతులు చాపి చూసుకుంటారు. ఇరుకనిపిస్తే అప్పటికప్పుడే చెరిపి జరుపుతారు. యాదయ్య తాడు పట్టి, మేకులు కొట్టి, వేళ్ల సందుల్లోంచి పిండి వదులుతూ గీతలు పోశాడు. కొత్త దర్వాజ తూర్పున. పక్కన పిడకల గది. మధ్యలో గుంత. మంగ్లీ కొబ్బరికాయ, పసుపు తెచ్చి పెట్టింది. ఎండ అప్పటికే వాకిలంతా పరుచుకుంది. ముగ్గు తెల్లగా మెరుస్తోంది.

ఫూల్‌సింగ్ మొహం కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ వచ్చాడు. సరిగ్గా దర్వాజ గీత మీద వచ్చి నిలబడ్డాడు. నడుం మీద చేతులు పెట్టి నేల అంతా కలయజూశాడు.

"ఏమయ్యా యాదయ్యా, ఇంక ముగ్గు పొయ్యకపోతివి? ఎండ ముదురుతుంది కద."

యాదయ్య ఖాళీ గంప దులుపుతున్నాడు. ఎగతాళి అనుకుని నవ్వాడు.

"పోసిన కదనే అన్నా. నీ కాళ్ల కిందనే ఉన్నది."

యాదయ్య నవ్వు సగంలో ఆగిపోయింది. అతను మంగ్లీ వైపు చూశాడు. మంగ్లీ నేల చూసింది. ఫూల్‌సింగ్ మెల్లగా గొంతుక్కూర్చుని, చేత్తో నేలను తడిమాడు. వేళ్లను కళ్ల దగ్గరగా, బాగా దగ్గరగా తెచ్చుకున్నాడు. వేళ్లు తెల్లగా ఉన్నాయి. గీత వెంట చేయి జరుపుకుంటూ కొంతదూరం పోయాడు. పిండి చెరిగిపోయింది. అక్కడే కూర్చుండిపోయాడు.

యాదయ్య తెలివిగలవాడు. సున్నం తెచ్చుకోవడం మరిచిపోయానని చెప్పి, ముగ్గులో సున్నంతో పనేమిటో ఎవరూ అడగకముందే వీధిలోకి వెళ్లిపోయాడు.

మంగ్లీ వచ్చి మొగుడి పక్కన నేల మీదే కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ ఆ చెరిగిన గీతనే చూశారు. చూసింది ఆమె ఒక్కతే అనాలి.

"ఎప్పట్నించి ఎరుక నీకు?" అన్నాడు ఫూల్‌సింగ్.

"సంక్రాంతప్పటి నించి."

"నాకు దసరా నించే." అతని గొంతు మామూలుగానే ఉంది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "ముందుగాల పొగమంచు అనుకున్న. ఎండాకాలం వచ్చినా మంచు పోలే."

తర్వాత అతను చెప్పుకుంటూ పోయాడు. రోడ్డంతా తనకు వచ్చిన పాటలాంటిది, ఎక్కడ మలుపో ఎక్కడ గుంతో చేతులకే తెలుసు, ఆ తెలివితోనే ఇన్నాళ్లూ తోలానన్నాడు. గోడలూ చెట్లూ కదలవు కాబట్టి సరిపోయింది. మనుషులు కదులుతారు. గరిడేపల్లి ఇవతల ఒక సాయంత్రం రోడ్డు పక్కన ఎవరో గడ్డి కుప్ప పోశారనుకున్నాడు. కుప్ప దగ్గరికొచ్చాక పరుగెత్తింది.

"గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఒక ఆడమనిషి పోతున్నది. నాకు గడ్డే కనబడ్డది, కింద మనిషి కనబడలే. మోపు పారేసి వాగుల దుంకింది. బండ్ల ఉన్నోళ్లకు బ్రేకు పట్టుకున్నదని అబద్ధం చెప్పిన. ఆమె తిట్టిన తిట్లు ఇంకా చెవులనే ఉన్నయ్. మంచిగనే తిట్టింది."

మంగ్లీ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఆగి, తల వంచుకుని, కాస్త సిగ్గుపడుతూ అసలు సంగతి బయటపెట్టాడు.

"ఆ తెల్లారే కోదాడ పోయి అయ్యగారిని తెచ్చిన. దారిలనే చెప్పిన ఆయనకు. ఏదన్న మూల తప్పున్నదని చెప్పుండ్రి, బండి కదలొద్దని చెప్పుండ్రి, మా ఇంటామెకు తెల్వొద్దు అని."

మంగ్లీ కొంగు తీసింది. అతని మొహంలోకి చూసింది. వేపచెట్టు కింద కప్పి పెట్టిన జీపును చూసింది. సిద్ధాంతి మీసాల్లో నవ్వెందుకు నవ్వాడో అప్పటికి అర్థమైంది.

"నేను గూడ అదే చెప్పమన్న కదయ్యా ఆయనకు. మజ్జిగ పోసి మరీ చెప్పిన."

ఫూల్‌సింగ్ తల తిప్పి ఆమె గొంతు వచ్చిన వైపు చూశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అని ఆమె చేయి పట్టుకుంది. నవ్వుతున్నాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఆమెకూ ఆగలేదు. ఎన్ని నెలల నుంచి బిగబట్టిన ఊపిరో, ఒక్కసారిగా వదిలినట్టయింది. స్లాబు అతనికి ఎందుకు నచ్చిందో, గుంతకు చుట్టూ రాయి ఎందుకు కావాల్సి వచ్చిందో, అన్నీ ఒకదాని వెంట ఒకటి తెలిసొస్తుంటే మళ్లీ మళ్లీ నవ్వు తన్నుకొచ్చింది. ఇద్దరూ కలిసి ఒక బండిని ఆపడానికి, ఒకరికి తెలియకుండా ఒకరు, అక్కర్లేని బంగ్లా కట్టబోయారు.

నవ్వు ఆగాక ఫూల్‌సింగ్ మొహం మళ్లీ బరువెక్కింది. "మా బాపు లెక్కనే అయితది నాకు. ఆ కర్ర ఎవరు పడ్తరు?"

"ముందుగాల దవాఖానకు పోదాం. కర్ర సంగతి తర్వాత. అయినా నేను లేనా?"

"మరి రేపు పెండ్లి?"

రంగికి తానే చెప్పాలని అతనికి తెలుసు. మధ్యాహ్నం బస్సులో ఇద్దరూ తండాకు పోయారు. పెళ్లి ఇంట్లో పందిరి వేస్తున్నారు. అందరి ముందూ, గుంజ పట్టుకుని నిలబడి ఫూల్‌సింగ్ చెల్లెలితో అన్నాడు.

"రేపు నేను తోలను. నా కండ్లు సక్కగ లేవు."

పందిరి మీదున్నవాళ్లు చేతులు ఆపారు. రంగి మాత్రం పెద్ద బరువు దించుకున్నట్టు నిట్టూర్చి, అన్న చేయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది.

"మాకు ఎరుక లేదా భియా? మొన్న అంగట్ల మా తోటికోడలిని నేననుకొని ఎంతసేపు మాట్లాడినవు. నీ జీపు ఎక్కిన కాడినించి దిగేదాకా దేవునికి మొక్కుకుంటనే ఉన్నం."

ఎక్కడం మానెయ్యొచ్చు కదా అని మంగ్లీ కోపంగా అంది. రంగి తల అడ్డంగా ఊపింది.

"నా అన్న జీపుండంగ ఇంకోడి జీపు ఎక్కితే ఆయన మొహం ఎట్ల సూడాలె? పెండ్లి బండి తోలమని పిలవకుంటే బాధపడ్తడని నిన్నటిదాక మేమే పరేషాన్ అయినం."

తండా తండా అంతా ప్రాణాలకు తెగించి మర్యాద కాపాడిందన్నమాట. ఎవరో ఫూల్‌సింగ్‌కు చెంబుతో నీళ్లిచ్చారు. రంగి పెద్దకొడుకు జవహర్ గరిడేపల్లిలో ట్రాక్టర్ తోలుతాడు, లైసెన్సు ఉన్న మనిషి. అతను ముందుకొచ్చి, మామా, తాళం ఇయ్యి, నేను జాగ్రత్తగ తీస్కపోత అన్నాడు. ఫూల్‌సింగ్ రొండిలోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. ఇస్తూ, రెండో గేరు జర గట్టిగ పడ్తది, బెదరొద్దు అన్నాడు. పెళ్లి బాగా జరిగింది. జీపు పోయింది, వచ్చింది. మంగ్లీ ఆ రోజు పాటలు పాడి గొంతు పోగొట్టుకుంది.

తర్వాతి వారం ఇద్దరూ సూర్యాపేట పోయారు. దవాఖానలో డాక్టరు చిన్న లైటు వేసి ఎక్కువసేపు చూడలేదు. రెండు కళ్లలోనూ శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, ముందు కుడి కన్ను చేద్దాం అన్నాడు. వస్తుందా అని మంగ్లీ అడిగింది. వస్తుందమ్మా అన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. ఆయన విసుక్కోకుండా మళ్లీ చెప్పాడు.

ఫూల్‌సింగ్ కుర్చీలోంచి లేవలేదు. తన తండ్రికి నడివయసులో చూపు పోయిందని, ముందు మంచులా వచ్చి తర్వాత చీకటైందని, కంటి నడుమ తెల్లగా కనబడేదని చెప్పాడు. అది కూడా ఇదేనా అని అడిగాడు. చూడకుండా చెప్పలేనుగానీ ఇదే అయ్యుండొచ్చు అన్నాడు డాక్టరు. ఫూల్‌సింగ్ తల ఊపాడు. బయట బల్ల మీద కూర్చున్నాక, చిటికెనవేలి గోరు చూపిస్తూ, ఇంత పొర అన్నాడు. ఇంత పొర కోసం బాపూ నేనూ అన్నేళ్లు నడిచినం కదా అని, మంగ్లీ భుజానికి తల ఆనించి కాసేపు కూర్చున్నాడు.

ఆపరేషన్ అయింది. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ, చుక్కల మందు, తలస్నానం వద్దు, బరువులు ఎత్తొద్దు. చెప్పినవన్నీ మంగ్లీ పాటింపజేసింది. దగ్గినా కసురుకునేది. సీతాబాయి సెలవు పెట్టి కోదాడ నుంచి వచ్చి, తండ్రికి పేపరు చదివి వినిపించింది. యాదయ్య ఒకరోజు పరామర్శకు వచ్చి, మరి బంగ్లా సంగతేందన్నా అని అడిగాడు. దర్వాజ ఎక్కడిదక్కడే ఉండాలని ఫూల్‌సింగ్ చెప్పాడు. గచ్చు ఒక్కటి పోయమన్నాడు. స్లాబు మాటేమిటని మంగ్లీ అడిగింది. ఈ మధ్యలో ఆమెకు దాని మీద నిజంగానే మనసైంది. మిరపకాయలకు ఇంటి కప్పు లేదా అని ఇద్దరు మగవాళ్లూ ఒకే గొంతుతో అన్నారు.

నెల దాటాక సూర్యాపేటలోనే కళ్లద్దాలు ఇచ్చారు, సోడాసీసా అడుగుల్లా మందంగా ఉన్నవి. పెట్టుకున్న మొదటి రోజు అన్నీ పెద్దగా, మీదికొస్తున్నట్టు కనబడ్డాయి. గ్లాసు కోసం చేయి చాపితే చేయి ముందే ఆగిపోయింది. అలవాటవుతుందని డాక్టరు చెప్పాడు. రెండో కన్ను కూడా అయ్యేదాకా బండి తోలొద్దని కూడా చెప్పాడు. అయ్యాక ఏం చేయాలో అప్పుడు చూద్దామన్నాడు.

సూర్యాపేట నుంచి బస్సులో మిర్యాలగూడలో దిగేసరికి జవహర్ జీపు బస్టాండు బయట నిలబెట్టి ఉన్నాడు. అది అంగడి రోజు. వెనక అప్పటికే తండా ఆడవాళ్లు గంపలతో నిండిపోయారు. రంగి కూడా ఉంది. కొత్త అద్దాలతో వస్తున్న ఫూల్‌సింగ్‌ను చూసి మాటలు ఆపేశారు. జవహర్ స్టీరింగ్ ముందు నుంచి దిగి, తలుపు తెరిచి పట్టుకుని, ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. మామ బండి కదా.

మంగ్లీ సంచి గట్టిగా పట్టుకుంది. ఏ సీటు ఎక్కుతాడోనని దారి పొడుగునా ఆలోచించింది, అడగలేదు.

ఫూల్‌సింగ్ జీపు ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలున్నవాళ్లను ఒక్కొక్కరిని చూశాడు, ఎవరూ గొంతు విప్పకముందే ఒక్కొక్కరిని పేరు పెట్టి పలకరించాడు. ఒకామె చంకలో పసిపిల్లను చూసి, ఇది ఎప్పుడు పుట్టిందే, నాకు చెప్పలేదు అన్నాడు. తర్వాత బానెట్ చుట్టూ తిరిగి, ఎడమవైపు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"పోనియ్యిరా జవహర్. మంది ఎక్కిన్రు కద, ఇంక ఏం జూస్తున్నవ్?"

వెనక ఆడవాళ్లు జరిగి మంగ్లీకి చోటిచ్చారు. జీపు హుజూర్‌నగర్ రోడ్డెక్కింది. ముందు సీట్లోంచి ఫూల్‌సింగ్ గొంతు ఆగకుండా వినబడుతోంది. గేరు మార్చు, ఎదురుంగ బర్రెలు, హారన్ కొట్టు, అంత గట్టిగ కాదు. జవహర్ ఊఁ ఊఁ అంటున్నాడు. ఇట్ల అయితే ఈ పిల్లగాడు రెండు రోజుల్ల తాళం ఇచ్చి పారిపోతడు అని రంగి మంగ్లీ చెవిలో అంది. జవాబు రాకపోతే తిరిగి చూసింది. కోళ్ల గంప మీద చేయి ఆనించి, అంత గోలలోనూ మంగ్లీ నిద్రపోయింది.